గుండె ఆగినపిదప మేలుకొనుట

చరకసంహిత సూత్రస్థానమున తెలివి తప్పుటయందు మదము, మూర్ఛ, సన్న్యాసము అని మూడు మెట్లు చెప్పబడినవి. మొదటి రెండును దోషముల వేగము తగ్గగానే తమంతట తామే శమించును. మూడవది మాత్రము మందు లేనిదే మరలదు. సన్న్యాసము పొందినవాడు కట్టెవలె పడియుండును. చూచువారికి మృతుడనియే తోచును. త్వరితముగ చికిత్స జరుగనిచో నిజముగనే మృతుడగును. అట్టివానిని లోతునీటిలో మునిగిపోవుచున్న పాత్రతో గ్రంథకర్త పోల్చినాడు. అది అడుగంటకముందే చేయి చాచి పట్టుకొనవలెనని వైద్యునకు ఆయన చెప్పిన మాట.

ఇది చూపి, నేటి వైద్యమంతయు మన పూర్వులు మునుపే యెఱిగియుండిరని చంకలు గొట్టుకొనువారితో మాకు పొత్తు లేదు. సూదులతో గ్రుచ్చుట, వెండ్రుకలు పీకుట, దూలగొండి రాచుట మొదలగు నాటి యుపాయములు ఆగిన గుండెను నడపజాలవు. అయినను ఆ పోలిక మాత్రము చక్కనిది. పాత్ర మునుగుచున్నది, ఇంకను అడుగు చేరలేదు. ఆ యడుగు ఎంత లోతున నున్నది? ఈ ప్రశ్నకు గడచిన రెండువందల యేబదియేండ్లలో వైద్యులిచ్చిన యుత్తరము పలుమాఱులు మాఱినది. మాఱిన ప్రతిసారియు, అంతకుముందు శవమని విడువబడుచుండినవారిలో కొందఱు లేచి యింటికి నడచిపోయిరి. ఆ చరిత్రను ఇచ్చట చెప్పదలచితిమి.

పూర్వము ఐరోపాఖండమునను, మనదేశమునను గూడ, ఊపిరి నిలిచినచో ప్రాణము పోయినట్లే లెక్క. ముక్కుకడ దూదిపింజ యుంచి చూచుటకు మించిన పరీక్ష సామాన్యులకు లేకుండెను. ఈ నమ్మకము మొదట కదలినది ఊపిరాడక పడిపోయినవారి విషయముననే. 1732వ సంవత్సరమున స్కాట్లండులోని ఆలోవా యను నూర బొగ్గుగనిలోని పొగకు పడిపోయిన యొక పనివానిని, విలియం టొస్సాక్ అను శస్త్రవైద్యుడు నోటితో నోటిలోనికి గాలి యూది బ్రతికించెను. ఆ వృత్తాంతమును ఆయన 1744లో ప్రకటించెను. ఆంస్టర్‌డాం నగరము కాలువల నగరము. అందు పడి చచ్చువారు మెండు. 1767లో అచ్చటి పౌరులు నీట మునిగినవారిని బ్రతికించుటకై యొక సంఘము స్థాపించిరి. దానిని చూచి 1774లో లండనునందు విలియం హాస్, థామస్ కోగన్ అను నిద్దఱు వైద్యులు అట్టిదే నెలకొల్పిరి. మునిగినవానిని ఒడ్డునకు చేర్చి చికిత్స చేయుటకు ప్రయత్నించినవారికి ఈ సంఘములు బహుమానము లిచ్చుచుండెను.

వారి చికిత్సలలో మంచిచెడ్డలు కలగలుపుగా నుండెను. ఒడలు వెచ్చచేయుట, గాలి యూదుట మంచివే. పొగాకుపొగను తిత్తులతో గుదమార్గమున లోనికి పంపుట మాత్రము నేడు నవ్వు పుట్టించును. ఆ పొగ ప్రాణమును రెచ్చగొట్టునని వారి యూహ. పొగాకు సారము జంతువుల గుండెనే నిలిపివేయునని 1811లో బ్రాడీ పరీక్షించి చూపినపిమ్మట ఆ యాచారము క్రమముగ నశించెను. చికిత్స తప్పయినను తలంపు గొప్పది. చావువలె కనబడుట వేఱు, చావు వేఱు అని వీథిలోని జనులకు తెలియజెప్పినది ఆ సంఘములే.

తరువాతి శతాబ్దమున ప్రశ్న నీటియొడ్డునుండి శస్త్రచికిత్సాలయమునకు వచ్చెను. 1847లో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారమును మత్తుమందుగా ప్రవేశపెట్టెను. మరుసటి యేడే ఇంగ్లండులో ఒక పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకై దానిని పీల్చి నిమిషములలో మరణించెను. అట్టి మరణములు పెరిగినకొలది వైద్యులు రెండు పక్షములైరి. ముందు ఆగునది ఊపిరియని యొక పక్షము, గుండెయని వేఱొక పక్షము.

ఇచ్చట తెలుగునేలపై జరిగిన ముచ్చట యొకటి చెప్పవలసియున్నది. హైదరాబాదున రెసిడెన్సీ వైద్యుడుగను, వైద్యపాఠశాల కధిపతిగను ఉండిన ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫారము గుండెను చంపదని గట్టిగ నమ్మినవాడు. 1888లో ఆయన యొక పరిశోధకసంఘమును గూర్చి జంతువులపై పరీక్షలు చేయించెను. లండను వైద్యులు ఆ ఫలితములను శంకించిరి. అంతట నిజాము ప్రభుత్వము వ్యయము భరించి, 1889లో లాడర్ బ్రంటన్ అను ప్రఖ్యాత వైద్యుని ఇంగ్లండునుండి రప్పించి రెండవ సంఘమును నడపెను. వందలకొలది జంతువులకు క్లోరోఫారము పట్టిరి. ఊపిరియే ముందు ఆగును, గుండె పిమ్మట ఆగును, కావున మత్తిచ్చువాడు రోగి శ్వాసను మాత్రము కనిపెట్టియుండిన చాలునని తేల్చిరి. ఆ పరిశోధనలలో పాల్గొన్న రూపాబాయి ఫర్దూన్‌జీ యను పారసీక వైద్యురాలి పేరు మనవారిలో చాలమందికి తెలియకపోవుట విచారకరము. మత్తుమందు విద్యను వృత్తిగా స్వీకరించిన తొలి స్త్రీలలో ఆమె యొకతె.

ఆ యేడే అబర్డీను నగరమున మాక్‌విలియం అను శరీరశాస్త్రవేత్త, మనుష్యుడు హఠాత్తుగ చచ్చునప్పుడు గుండె తటాలున నిలిచిపోదు, తాళము తప్పి అదరుచు రక్తమును నెట్టలేకపోవునని వ్రాసెను. దానిని నాడు పట్టించుకొన్నవారు తక్కువ. 1911లో గుడ్‌మన్ లెవీ అనునాయన, క్లోరోఫారము కొద్దిగా నిచ్చిన పిల్లులకు సరిగా ఇట్టి యదురే కలిగి ప్రాణము పోవుట చూపెను. కాబట్టి హైదరాబాదువారు చూచినది అబద్ధము కాదు, అరసత్యము. మోతాదు మించినచో ఊపిరియే ముందు ఆగును. కాని ఆ బాలికవలె మొదటి నిమిషములలో చచ్చినవారిని చంపినది గుండెయదురు. వందల జంతువులను పరీక్షించినను, ప్రశ్నను ఒకేరీతిగ అడిగినచో ఒకే యుత్తరము వచ్చును. ఇంతటి వ్యయప్రయాసలతో నడచిన శాస్త్రపరిశోధన ఆ కాలమున మనదేశమున అరుదు. దానిని గర్వముతో తలచుకొనవలసినదే, దాని తీర్పును మాత్రము నెత్తి కెత్తుకొనరాదు.

ఆగిన గుండెను చేతితో పిసికి నడపుటను ఫ్లారెన్సు నగరమున మోరిట్జ్ షిఫ్ 1874లోనే కుక్కలయందు చూపియుండెను. 1901లో నార్వేదేశపు ట్రోంసో పట్టణమున ఇగెల్‌స్రూడ్ రొమ్ము తెఱచి యొక స్త్రీ గుండెను పిసికి ఆమెను బ్రతికించెను. 1947లో క్లీవ్‌లండునందు క్లాడ్ బెక్, పదునాలుగేండ్ల బాలుని రొమ్ము తెఱచి యుండగా అదరుచున్న గుండెకు విద్యుత్తు తగిలించి మరల తాళమున బెట్టెను. ఇవన్నియు కత్తి చేతనున్నవారికి మాత్రమే సాధ్యములు. బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ వైద్యాలయమున కావెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అను మువ్వురు, ఒక చిన్న సంగతిని గమనించి దీనిని తలక్రిందులు చేసిరి. కుక్క రొమ్ముపై విద్యుత్పలకలను గట్టిగ అదిమినప్పుడు, విద్యుత్తు పాఱకముందే నాడిలో రక్తపుపోటు లేచుచుండెను. అనగా రొమ్ము తెఱవక పైనుండి అదిమినను రక్తము కొంత కదలును! 1960లో వారు ప్రకటించిన వ్యాసమున ఇరువదిమంది రోగుల వృత్తాంతము కలదు. అందు పదునలుగురు బ్రతికిరి. ఇంచుమించు ఆ దినములలోనే పీటర్ సఫార్ నోటితో ఊపిరి యూదుటయే మేలని నిరూపించెను. ఈ రెండును కలిసి నేడు లోకమంతట నేర్పబడుచున్న ప్రథమచికిత్స యైనది. మన వీథులలో నేటికిని ఎవడైన కూలినచో చుట్టును మూగి గాలి యాడనీయకుండుట, తెలివి లేనివాని నోట నీరు పోయుట, చేతిలో ఇనుపతాళపుచెవి పెట్టుట చూచుచునే యున్నాము. రొమ్ము నడుమ రెండుచేతులతో నిమిషమునకు నూఱుమాఱులకు తగ్గకుండ అదుముటకు యంత్రము వలదు, పట్టము వలదు. ఉన్నతపాఠశాలలోని పిల్లలు గంటసేపటిలో నేర్చుకొనగలరు.

గుండె కథ ఇంతటితో సుఖాంతమైనట్లు కనబడును. కాని అచ్చటనే క్రొత్త దుఃఖము మొదలాయెను. 1966లో సఫార్ కూతురే, పండ్రెండేండ్లు నిండని బాలిక, ఉబ్బసము ముదిరి ఊపిరాడక పడిపోయినది. ఆమె గుండెను, ఊపిరితిత్తులను మరల నడపిరి. మెదడు మాత్రము మేలుకొనలేదు. లోకమునకు ఊపిరి యూదుట నేర్పిన తండ్రి ముందే ఇట్లు జరిగెను. అప్పటినుండి ఆయన తన శాస్త్రము పేరులోనే మెదడును చేర్చెను. 2003లో తాను మరణించువఱకును, గుండెను కాదు, మెదడును బ్రతికించుట యెట్లన్న విచారమునే వీడలేదు.

ఇట్టివారు ఒకరిద్దఱు కారు. 1952లో కోపెన్‌హేగెనున పోలియో జాడ్యము ప్రబలినప్పుడు ఇబ్సెన్ అను వైద్యుడు, ఊపిరి తీయలేని పిల్లలకు గొంతుకలో గొట్టముంచి, విద్యార్థులచే రేయింబవళ్లు చేతితో గాలి పట్టించెను. ఆ పనిని యంత్రములు చేపట్టినపిదప, మెదడు సహకరింపకున్నను దేహము వారములకొలది నడచుట సాధ్యమయ్యెను. 1959లో పారిసునందు మొల్లారె, గులోన్ అను వైద్యులు, కోమాకు ఆవలితీరమున నున్న యొక స్థితిని వర్ణించిరి. అందు మెదడు సమూలముగ నశించినది. యంత్రము తీసినచో ఏమియు మిగులదు. 1968లో హార్వర్డు వైద్యపాఠశాలవారు దానినే మరణముగ పరిగణింపవచ్చునని లక్షణములు నిర్ణయించిరి. మనదేశమున 1994నాటి అవయవదాన శాసనము మెదడుకాండపు మరణమును అంగీకరించెను. 1972లో జెన్నెట్, ప్లం అనువారు వేఱొక స్థితికి పేరిడిరి. అందు రోగి కన్నులు తెఱచును, మూయును, నిద్రించును, మేల్కొనును. కాని యెదుటివారిని ఎఱుగడు. చరకుడు చెప్పిన మూడు మెట్లకు క్రింద ఆయన చూడని మెట్లు మఱి రెండు బయటపడినవి. చూడకపోవుటకు కారణము స్పష్టము: యంత్రములు లేనినాడు అచ్చటికి దిగినవాడు గంటలలోనో, దినములలోనో చచ్చుచుండెను.

ఇక నీటిలోతున జరుగునదేమి? దీనిని చెప్పుటకు మన భీమవరమునకు రావలెను. 1895లో అచ్చట జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, మద్రాసులో వైద్యము చదివి, చేతిలో ధనము లేకయే హార్వర్డు చేరెను. అచ్చట సైరస్ ఫిస్క్‌తో గూడి 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో అడినోసీన్ ట్రైఫాస్ఫేట్ అను పదార్థమును కండరములయందు కనుగొనెను. రెండవదానిని అదే యేట జర్మనీలో కార్ల్ లోమాన్ వేఱుగ కనుగొనెను. పాఠ్యగ్రంథములలో తఱచుగ లోమాన్ పేరే కనబడును. ప్రాణికణము చేయు ప్రతి పనికిని చెల్లింపవలసిన రొక్కము ఈ ట్రైఫాస్ఫేటే. ఫాస్ఫోక్రియాటిన్, రొక్కము తఱిగినప్పుడు క్షణకాలము ఆదుకొను చిన్న మూట. నూఱేండ్లు కావచ్చుచున్నది, గుండె ఆగిన మనుష్యుని మెదడు ఏల చచ్చునని అడిగినచో వైద్యుడు చెప్పు సమాధానము ఈ భీమవరపు బిడ్డడు తూచి చూపిన పదార్థముతోనే మొదలగును.

మెదడు తూనిక దేహములో ఏబదవవంతు మాత్రమే. కాని దేహమునకు కావలసిన ప్రాణవాయువులో ఐదవవంతు అదియే కాజేయును. అట్లు ఖర్చు చేయుచు నిలువ యుంచుకొనని సంసారివంటిది. 1943లో అమెరికాలోని మిన్నెసోటాయందు, యువకుల మెడకు పట్టీ చుట్టి మెదడునకు పోవు రక్తమును క్షణకాలము ఆపి చూచిరి. సుమారు ఏడు సెకండ్లలో తెలివి తప్పినది. అట్టి పరీక్షలు నేడెవ్వరు చేయనీయరు, చేయరాదు కూడను. రక్తము రాకయే యున్నచో కొన్ని నిమిషములలో ట్రైఫాస్ఫేటు అడుగంటును. దానితో నడచు తోడుయంత్రములు నాడీకణముల పొరలయందున్నవి. లోపల పొటాషియము, వెలుపల సోడియము ఉండునట్లు అవి రేయింబవళ్లు తోడుచుండును. రొక్కము లేనినాడు అవి నిలిచిపోవును. పొటాషియము బయటికి, సోడియము లోనికి పొర్లును. కణములు ఒకదానితో నొకటి మాటాడుటకు బిందువులుగ వాడుకొను గ్లుటమేట్ అను పదార్థము ఒక్కమాఱుగ వెల్లువయై వెలువడును. అది తగిలిన కణములలోనికి కాల్షియము చొచ్చి, వాని కట్టడమును లోపలినుండి కొఱికివేయును.

గ్లుటమేటు మితిమీఱినచో నాడీకణములను చంపునని 1969లో జాన్ ఓల్నీ పసియెలుకలకు దాని యుప్పును ఎక్కించి చూపెను. ఆ యుప్పునే అంగళ్లలో అజినొమోటో యని రుచికొఱకు అమ్ముదురు. భోజనములోని చిటికెడునకు ఈ వినాశమునకు ముడిపెట్టి భయపడవలదు, రక్తమునుండి అది మెదడులోనికి సులభముగ చొరదు. మెదడును చంపునది వెలుపలినుండి వచ్చు విషము కాదు, తన మాటలకు తాను వాడుకొను పదార్థమే.

ఇంతవఱకు చదివినవారికి అంతయు నిమిషములలో ముగియునని తోచును. వైద్యులును బహుకాలము అట్లే తలచి, నాలుగైదు నిమిషములు దాటిన ఆశ లేదనిరి. 1970లో జర్మనీయందు హాస్‌మన్, సాటో అనువారు, ఒక గంటసేపు రక్తము ఆపిన పిల్లుల మెదళ్లలో తరువాత నాడీకణముల విద్యుద్వ్యాపారము కొంత మరలివచ్చుట చూచిరి. 2019లో యేల్ విశ్వవిద్యాలయమువారు, కబేళాలో కోసిన పందుల మెదళ్లకు నాలుగు గంటల తరువాత ఒక ద్రవమును ప్రసరింపజేసి, కణములలో కొన్ని వ్యాపారములు తిరిగి సాగుట చూపిరి. ఆ మెదళ్లయందు తెలివికి గుఱుతైన విద్యుత్తరంగము మాత్రము లేదు. లేకుండుటకే వారు జాగ్రత్త పడిరి కూడ. పత్రికలు కొన్ని దీనిని మృతసంజీవనిగ చాటినవి. అది తగదు. కణము బ్రతుకుట వేఱు, మనుష్యుడు మేలుకొనుట వేఱు.

మాకు వీనికంటె ముఖ్యమని తోచునది 1982లో జపానుదేశీయుడు కిరినో చేసిన పరిశీలన. జెర్బిల్ అను ఎడారియెలుక మెదడునకు ఐదు నిమిషములు మాత్రమే రక్తము ఆపి మరల విడిచెను. మొదటిదినమున సూక్ష్మదర్శినిలో చూచినప్పుడు కణములు చక్కగనే యుండెను. రెండవ దినము గడచి, మూడవ నాలుగవ దినములు వచ్చుసరికి, జ్ఞాపకశక్తికి ఆలవాలమైన హిపోకాంపస్ అను భాగమున ఒక వరుస కణములు రాలిపోయినవి. రక్తము వచ్చినను, ప్రాణవాయువు దొరకినను, చావు తీరికగా తన పని తాను చేసికొనిపోయినది. గుండె ఆగి బ్రతికినవారిలో పలువురకు క్రొత్తసంగతులు మనసున నిలువకపోవుటకు ఇదియే కారణము. అయితే దీనిలోనే యాశ కూడ నున్నది. మూడుదినములు పట్టు చావును మధ్యలో ఆపవచ్చును గదా యని నాటినుండి ప్రయోగశాలలన్నియు మేల్కొన్నవి.

చచ్చుట ఇట్లుండగా, మేల్కొనుట యేమి? ఇది వేఱొక పాయ. 1917లో వియన్నా నగరమున వాన్ ఎకనామో అను వైద్యుడు, నెలలకొలది నిద్రించు ఒక జాడ్యమును వర్ణించెను. చనిపోయినవారి మెదళ్లు కోసి చూడగా, మెదడు అడుగున హైపోథలామస్ అను భాగపు వెనుకకొసన దెబ్బ తగిలినవారు నిద్రలో మునిగిరి, ముందుకొసన తగిలినవారికి నిద్రయే లేదు. మెలకువ యనునది మెదడంతటికి సామాన్యగుణము కాదు, దానికొక స్థానము కలదని అప్పుడు తేలెను. 1949లో మొరుజ్జీ, మాగూన్ అనువారు, మత్తులోనున్న పిల్లి మెదడుకాండమున జాలవలె అల్లుకొన్న భాగమును విద్యుత్తుతో తాకగానే, పైపొర తరంగములు మెలకువలోని తరంగములుగ మాఱుట చూపిరి. పైన దీపములెన్ని యున్నను, వెలిగించు మీట క్రింద నున్నది.

ఆ మీటనుండి పైకి పోవునది మెఱుపు మాత్రము కాదు, రసాయనము. ఇందు మనదేశపు వేరొకటి పాత్ర వహించినది. సర్పగంధ వేరును మనవైద్యులు ఉన్మాదమునకు, నిద్రలేమికి వాడుచుండిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ అది రక్తపుపోటును తగ్గించునని బ్రిటిషు పత్రికలో ప్రకటించెను. 1952లో స్విట్జర్లండువారు దానినుండి రిసర్పిన్ అను సారమును వేఱుచేసిరి. 1957లో స్వీడనుదేశమున ఆర్విడ్ కార్ల్‌సన్, రిసర్పిన్ ఎక్కించిన కుందేళ్లు కదలిక మాని చెవులు వ్రేలవైచి మొద్దుబాఱియుండగా, వానికి ఎల్-డోపా యను పదార్థము నిచ్చెను. కొద్దినిమిషములలో అవి లేచి చెవులు నిక్కించినవి! వానిలో కొఱవడినది డోపమీన్ అను పదార్థమని తేల్చినందులకు ఆయనకు 2000లో నోబెల్ బహుమానము లభించెను. 1969లో న్యూయార్కులో ఆలివర్ సాక్స్, వాన్ ఎకనామో చెప్పిన జాడ్యమునుండి మిగిలి దశాబ్దములు బొమ్మలవలె కూర్చుండిపోయినవారికి ఆ మందునే ఇచ్చెను. వారు లేచి మాటాడిరి. కాని చాలమందియందు ఆ మేలుకొలుపు నిలువలేదు. వారములలో వికారములు బయలుదేఱినవి. ఇది కొందఱు చెప్పునపుడు విడిచిపెట్టు భాగము.

గుండె ఆగినవారి కథ ఈ నిద్రాళువుల కథవంటిది కాదని గ్రహింపవలెను. మెదడుకాండము గట్టిపిండము, ప్రాణవాయువు కొఱతను కొంత సహించును. పైపొరయు, నడుమనున్న థాలమస్ అను కూడలియు సుకుమారములు. మీట బ్రతికి దీపములు పగిలిన యింటివలె, కన్నులు తెఱచియుండి ఎఱుక లేకుండుట ఇందువలననే. 1975లో అమెరికాయందు కారెన్ ఆన్ క్విన్లన్ అను యువతి ఊపిరి ఆగి ఇట్టి స్థితిలో పడినది. యంత్రము తీయించుటకై తలిదండ్రులు న్యాయస్థానమున పోరాడి 1976లో గెలిచిరి. యంత్రము తీయగా ఆమె తనంతట ఊపిరి పీల్చుచు 1985వఱకును జీవించెను! మెదడును పరీక్షించినవారు 1994లో ప్రకటించినదేమనగా, పైపొరకంటెను థాలమసే ఘోరముగ చెడియుండెనట.

మూడుదినముల చావును ఆపుటకు చేసిన యత్నములు చాలవఱకు విఫలములు. మెదడును గాఢముగ మత్తులో నుంచినచో ఖర్చు తగ్గునని థయోపెంటాల్ ఇచ్చిరి. పలు వైద్యాలయములు కలిసి చేసిన ఆ పరీక్ష 1986లో ఫలింపలేదని తేలెను. కాల్షియమును అడ్డగించు మందును 1991లో ఓడిపోయినది. ఎలుకయందు గెలిచినవెన్నియో మనుష్యునియందు ఓడినవి. మందులు ఓడినచోట చలి గెలిచినట్లు కనబడెను. 2002లో ఐరోపావారు రోగి దేహమును 32, 34 డిగ్రీల నడుమ ఒక దినము ఉంచగా, 136 మందిలో 75 మంది మంచిస్థితికి వచ్చిరి. చల్లబఱచని 137 మందిలో 54 మందియే. లోకమంతయు చలిని కౌగిలించుకొనెను. 2013లో తొమ్మిదివందలకు పైబడిన రోగులపై 33 డిగ్రీలకును 36 డిగ్రీలకును భేదము లేదని తేలెను. 2021లో పదునెనిమిదివందలకు పైబడినవారిపై, జ్వరము రాకుండ చూచుకొన్నచో చాలునని, చలివలన అదనపు లాభము కనబడలేదని ప్రకటించిరి. ఇరువదియేండ్ల నమ్మకమును దానిని నమ్మినవారే పరీక్షించి విడిచిపెట్టిరి. హైదరాబాదు సంఘపు తీర్పునకు ఇట్టి పునర్విచారణ ఇరువదిరెండేండ్లకు లెవీ చేతులలో జరిగెను. తన తీర్పును తానే పరీక్షించుకొను ధైర్యము లారీకి లేకపోయెను.

ఇప్పుడు ఆ రోగి మంచముకడ నిలిచిన కుటుంబమును తలంతము. గుండె మరల నడచినది, మనిషి పలుకడు. దినమునకింతయని వైద్యాలయపు లెక్క పెరుగుచుండును. పొలము అమ్ముదమా, ఇంటికి తీసికొనిపోదమా యని అన్నదమ్ములు గడప బయట గుసగుసలాడుదురు. ఒక బంధువు మెదడు చచ్చినదనును. వేఱొకడు, ఫలానా యూర ఆఱునెలలకు లేచినవాడు కలడనును. యమభటులు పేరు పొరపాటుపడి కొనిపోయి తిరిగి పంపిరని చెప్పుకొనువారి పలుకుబడి ఇట్టివేళలనే హెచ్చును. ఇద్దఱిలో ఎవ్వరిమాట విన్నను ముప్పే.

వైద్యులు నేడు మొదటి డెబ్బదిరెండు గంటలు గడవకుండ ఆశ లేదని తీర్పు చెప్పరాదని నియమించుకొనిరి. దీనికి కారణములు రెండు. కిరినో చూపినట్లు కణముల తుదిలెక్క అప్పటికిగాని తేలదు. మఱియు మత్తుమందులు చలువలోను, చెడిన కాలేయమూత్రపిండములలోను మెల్లగ విడుచును; మందువలని నిద్రను మెదడుచావని పొరపడు ప్రమాదము కలదు. అటుపిమ్మటనైనను ఒక్క గుఱుతును నమ్మరాదు. కంటిపాప వెలుగునకు ముడుచుకొనకపోవుట, మణికట్టున తగిలించిన విద్యుత్తు మెదడు పైపొరకు చేరకపోవుట మొదలగువానిలో కనీసము రెండైనను కలియవలెను. ఇంకొక సంగతి. బ్రతుకడని యంత్రము తీసినచో తప్పక బ్రతుకడు. ఆ మరణమునే చూపి ఆ గుఱుతు సత్యమైనదని వ్రాసికొన్నచో, జోస్యము తనను తాను నెఱవేర్చుకొన్నట్లగును. పాత పరిశోధనలలో కొన్నింటికి ఈ దోషము తగిలినది. నేటివారు దీనిని బాహాటముగ ఒప్పుకొనుచున్నారు.

మఱి ఎన్నటికిని తీయరాదా? అదియును కాదు. గౌరవముతో మరణించు హక్కు జీవించు హక్కులోనిదేయని మన సుప్రీముకోర్టు 2018లో తీర్పు చెప్పి, ముందుగ వ్రాసియుంచిన యిచ్ఛాపత్రమును అంగీకరించెను. 2023లో ఆ పద్ధతిని కొంత సులభము చేసెను. నాలుగవ దినము, ఏడవ దినము, గుఱుతులన్నియు ఒకేమాట చెప్పుచుండగా యంత్రమును నడపించుట ప్రేమయని మేము తలపము. కాని మొదటిరాత్రియే బండి కట్టించి ఇంటికి చేర్చుట సహనము కాదు, తొందరపాటు. డబ్బు లేక చేసినవారిని నిందింపజాలము. ఆ డబ్బు లేకుండుట వైద్యుని తీర్పుగ చెప్పబడుట మాత్రము అన్యాయము.

మేల్కొలుపు మందులను గుఱించి వార్తలు వచ్చుచునే యుండును. 2000లో దక్షిణాఫ్రికాయందు, ప్రమాదములో తలకు దెబ్బ తగిలి మూడేండ్లు మగతలో నున్న యువకుడు నిద్రమాత్రయైన జోల్పిడెం మ్రింగి మేల్కొని మాటాడెనని వైద్యులు ప్రకటించిరి. వింతయే, నిజమే. 2014లో 84 మందికి ఆ మాత్ర నిచ్చి చూడగా నలుగురియందు మాత్రమే గుణము కనబడెను. డోపమీనునకు తోడ్పడు అమాంటడీన్ అను మందు, తలదెబ్బలు తగిలిన 184 మందిలో కోలుకొను వేగమును పెంచెనని 2012లో తేలెను. అది తలదెబ్బల లెక్క. తీగలు తెగినచోట మిగిలిన తీగలకు బలమిచ్చినది. గుండె ఆగినవారిలో కణములే రాలియుండును గనుక ఆ ఫలితమును ఇచ్చటికి ఎత్తుకొనివచ్చుటకు వీలు లేదు. వారిని మేల్కొల్పునని రుజువైన మందు నేటికిని లేదు. జ్వరము రానీయకుండుట, రక్తపుపోటు పడిపోకుండుట, మూర్ఛపోట్లు వచ్చినచో ఆపుట, మత్తు విడుచువఱకు వేచియుండుట ఇవియే చేయుచున్న చికిత్స. ఇంటివారు అడిగినప్పుడు మంచి వైద్యుడు, ఇంకను చెప్పలేము, నాలుగవ దినమున మరల పరీక్షించెదమనును. వారు అంతవఱకు వరండాలో చాప పఱచుకొని కూర్చుందురు.